అంచున తీసిన గుప్పెడు

బయలుదేరే ముందు బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయడం శారమ్మ పద్ధతి. ఆ ప్రార్థన ముగిసేదాకా కళ్ళు మూసుకొని నిలబడటం దేవయ్య పద్ధతి. ఆయనకు ప్రార్థన మీద నమ్మకం లేదు, ప్రార్థించే మనిషి మీద ఉంది. అందుకని ఆ రెండు నిమిషాలూ కళ్ళు మూసుకోవడంలో ఆయన ఎన్నడూ మోసం చేయలేదు. ఆ గురువారం పొద్దున నిజామాబాద్‌లో ఇంటి ముందర కూడా అదే జరిగింది. ఆయన బానెట్ ఎత్తి, రేడియేటర్లో నీళ్ళు నింపి, దాని మూత ఎడమచేతిలో పట్టుకొని ఉండగా శారమ్మ సంచులు తెచ్చి వెనక సీట్లో పడేసింది. వచ్చి బండి ముందు దీపం మీద అరచెయ్యి ఆనించి "తండ్రీ" అంది. దేవయ్య చేతిలో ఉన్నదాన్ని పక్కన పెట్టి, చేతులు కట్టుకొని, కళ్ళు మూసుకున్నాడు.

ముప్పై ఏళ్ళు టీకాల పెట్టె భుజాన వేసుకొని ఊరూరూ తిరిగిన ఏఎన్ఎం ఆమె. దేవుడి దగ్గరయినా సరే, దేన్నీ మొత్తంగా అడగదు, విడివిడిగా పేరు పెట్టి అడుగుతుంది. టైర్ల కోసం, బ్రేకుల కోసం, ఆయన బీపీ కోసం, తన మోకాళ్ళ కోసం, ఎండ తగ్గడం కోసం అడిగి, చివర్న "ఈ పెద్దమనిషి నలభై ఏళ్ళసంది చూస్త చూస్త అంటున్న ఆ చెరువుల చుక్క నీళ్ళన్న ఉండేటట్టు చూడు ప్రభువా, ఆమెన్" అని ముగించింది. వెంటనే గొంతు మార్చి, "నడు నడు, ఎండెక్కుతది" అని తొందరపెట్టింది. దేవయ్య బానెట్ దించాడు.

చెరువంటే మహారాష్ట్రలోని లోనార్. ఏ కాలంలోనో ఆకాశం నుంచి పెద్ద రాయి వచ్చి పడిన చోట ఏర్పడిన గుంట అది. రుద్రూర్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్ళు రోజూ రెండుసార్లు ఎండనూ గాలినీ వాననూ కొలిచి రాసిన మనిషికి అదే కాశీ, అదే యెరూషలేము.

"పెండ్లయి నలభై ఏండ్లయిందని ఒక్కొక్కడు పెండ్లాన్ని ఊటీకి తోల్కపోతడు," అంది శారమ్మ బోధన్ దాటాక. "నువ్వు మే నెలల బొంద చూపిస్తనని తెస్తున్నవ్."

"బొంద కాదు శారా, ఉల్క పడ్డ జాగ."

"ఏది పడ్డా బొందే అయితది గద."

పదకొండు గంటలకే దారి పొడవునా తెల్లని వేడి నిలబడింది. చెరుకు కొట్టిన మడుల్లో ఎండుటాకు పరుచుకొని ఉంది. నల్లరేగడి అరచెయ్యి పట్టేంత వెడల్పున నెర్రెలు విచ్చింది. శారమ్మ తడిపిన తువ్వాలు నెత్తిన వేసుకుంటే పది నిమిషాల్లో అట్టలా బిగుసుకుంది. "ఎడారి లెక్కుంది" అందామె. "ఎడారిల రాత్రి చల్లగనన్న ఉంటది" అన్నాడు దేవయ్య, అప్పటికే మాట మీద కాక ఇంజను వేడి చూపే సూది మీద ధ్యాస పెట్టి. సూది లేస్తోంది. అది ఎర్రగీతను తాకకముందే ఆయన ఇంజను ఆపాడు. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమని లేచింది.

అదృష్టం అని శారమ్మ అనుకున్నదీ, సంభావ్యత అని దేవయ్య అనుకున్నదీ ఏమంటే, బండి ఆగిన చోటుకు ఇరవై గజాల్లోనే ఒక మెకానిక్ షెడ్డు ఉంది. షెడ్డు ముందు వెడల్పాటి సిమెంటు వాకిలి ఖాళీగా మెరుస్తోంది. రోడ్డుకు అవతల వడ్ల కొనుగోలు కేంద్రం. చుట్టూ కుప్పలు, కుప్పల మీద నీలపు టార్పాలిన్లు. అక్కడి నుంచి అరవై దాటిన ఒకావిడ కొంగు నడుముకు చెక్కుకుంటూ వచ్చి, ఎవరూ పిలవకముందే కారు వెనక భుజం ఆనించింది.

"నువ్వు లోపల కూసొని స్టీరింగు పట్టు సారూ, మేం నూకుతం. అమ్మా, నువ్వు దిగు. నీ బరువు గూడ నూకాల్నా?"

శారమ్మ నవ్వుతూ దిగి తనూ భుజం ఆనించింది. షెడ్డులోంచి మెకానిక్ ఆత్మారాం వచ్చి మరో చెయ్యి వేశాడు. కారు వెళ్ళి సిమెంటు వాకిలి నడిమధ్యన ఆగింది. ఆవిడ ఆ వాకిలినీ కారునూ ఒకసారి చూసి, ఏదో అనబోయి, మానేసి, తన కుప్ప దగ్గరున్న కుండలోంచి చెంబెడు నీళ్ళు ముంచి తెచ్చింది. పేరు భీమవ్వ అని చెప్పింది. ఐదు రోజుల నుంచి కుప్ప దగ్గరే ఉంటోందట.

ఇంజను చల్లారాక ఆత్మారాం బానెట్ ఎత్తి, తల లోపల పెట్టి, చాలాసేపు వెతికాడు. తర్వాత రెండు వేళ్ళతో బ్యాటరీ సందులోంచి ఒక మూత పైకి తీసి ఎండలో పట్టుకున్నాడు.

"సార్, రేడియేటర్ మూత ఇక్కడ పండుకున్నది. నీళ్ళన్నీ ఆవిరైపోయినయ్, వేడికి పైపు పలిగింది."

దేవయ్యకు పొద్దుటి దృశ్యం మొత్తం ఒక్కసారిగా కళ్ళముందు నిలిచింది. ఎడమచెయ్యి, బ్యాటరీ, "తండ్రీ" అన్న మాట. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. శారమ్మ కుప్ప నీడన భీమవ్వ మోకాళ్ళు నొక్కి చూస్తూ ఏవో మాత్రల పేర్లు చెబుతోంది.

"ఆత్మారాం," అన్నాడు గొంతు తగ్గించి, "మూత సంగతి మా ఆమెకు చెప్పకు."

"తిడ్తదా సార్?"

"తిట్టదు. మళ్ళ బండి మీద చెయ్యి పెట్టదు."

ఆత్మారాంకు అర్థం కాకపోయినా తలూపాడు. ఆ మోడలు పైపు నిజామాబాద్ నుంచి బస్సులో రావాలని, రేపు సాయంత్రానికి వస్తుందని, శనివారం పొద్దున బండి ఇస్తానని చెప్పాడు. శారమ్మ ఫోన్లో ముగ్గురు పాస్టరమ్మల్ని దాటి నాలుగో ఆమెను పట్టుకొని, ఆ ఊరి మెథడిస్టు చర్చి వెనక గది సంపాదించింది.

"చూసినవా, పైపు పలిగినా నీడ దొరికింది," అంది. "నా ప్రార్థన ఊరికె పోలె."

"పోలేదు," అన్నాడు దేవయ్య, చాలా నిజాయితీగా.

మర్నాడు పొద్దున ఆరున్నరకే ఆయన రోడ్డు దాటి కేంద్రానికి వచ్చాడు. ఉద్యోగం వదిలినా జేబు వదలని ఉష్ణమాపకం ఒకటి ఆయన దగ్గర ఉంటుంది. నిన్న మధ్యాహ్నం నీడలో అది నలభై నాలుగు చూపింది. భీమవ్వ రాత్రి కప్పిన టార్పాలిన్‌ను రాళ్ళు జరిపి లాగుతోంది. ఆయన కూడా ఓ కొస పట్టుకున్నాడు. టార్పాలిన్ లోపలి వైపున నీటి బొట్లు వరసలుగా అంటుకొని ఉన్నాయి. లాగినకొద్దీ అవి జారి అంచు వడ్ల మీద పడ్డాయి.

"రోజూ ఇట్లనే చెమట పడ్తదా?"

"రోజూ పడ్తది సారూ. వడ్లు గూడ మన లెక్కనే. కప్పితే ఉక్కపోస్తది."

కేంద్రం చూసే అమ్మాయి ఏడింటికి వచ్చింది. పేరు నిరోష, మహిళా సంఘం తరఫున పనిచేస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయి. భుజాన సంచి, చేతిలో తేమ మిషను. వచ్చీ రాగానే భీమవ్వ కుప్ప దగ్గర కూర్చొని, అంచున పలచగా పరుచుకున్న చోట గుప్పెడు వడ్లు తీసి, అరచేతిలో అటూ ఇటూ ఊది, మిషను గిన్నెలో పోసి మీట నొక్కింది.

"పదిహేడు పాయింటు ఆరు. ఇంకో దినం అవ్వా."

"నిన్న గూడ గదే అంటివి బిడ్డా."

"నేనంటున్ననా? మిషను అంటున్నది. పదిహేడు దాటితే మిల్లోళ్ళు దించుకోరు. రేపు శనివారం లారీ వస్తది. అది పోతే మళ్ళ మంగళారమే."

భీమవ్వ ఆకాశం వంక చూసింది. పడమట సన్నగా, గీసినట్టు, ఒక మబ్బు చార. మంగళవారం దాకా ఇది ఆగుతుందా అన్నదే ఆమె ముఖం మొత్తం. కౌలు పొలం, ఒంటి మనిషి, ఒక్కటే కుప్ప. ఒక్క వాన పడితే వడ్లు మొలకెత్తుతాయి. మొలకెత్తిన వడ్లు కొనేవాడు లేడు.

దేవయ్యలో ముప్పై ఒక్క ఏళ్ళ పరిశీలకుడు లేచి కూర్చున్నాడు. ఆయన దృష్టికి అన్యాయం అద్దంలా కనబడుతోంది. రాత్రి వేడి వడ్లు ఆవిరి విడుస్తాయి. ఆవిరి టార్పాలిన్‌కు తగిలి నీరవుతుంది. ఆ నీరు అంచుల్లోకి జారుతుంది. సరిగ్గా ఆ తడి అంచులోంచే ఈ అమ్మాయి నమూనా తీస్తోంది. ఆరు రోజులుగా ఒక ముసలామె తేమ కొలతలో కాక, కొలిచే పద్ధతిలో ఓడిపోతోంది.

"అమ్మా నిరోషా," అన్నాడు మర్యాదగా, "నమూనా అట్ల తీయొద్దు."

ఆమె తలెత్తింది. "ఎట్ల తీయాలె సార్?"

"మీ గోడ మీదనే రాసి ఉంది." ఆయన వెళ్ళి, కేంద్రం షెడ్డు గోడకు అంటించిన కాగితం ముందు నిలబడి, బడిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివాడు. కుప్ప నాలుగు పక్కలా, నడుమా, అడుగునా తీసి, కలిపి, కొలవాలి. పక్క కుప్పల వాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. "అంచుల తీస్తే మంచు తడి వస్తది. నడుమ తీస్తే అసలు సంగతి తెలుస్తది. అవ్వకు ఆరు దినాలు నష్టమైంది."

"వద్దు సార్," అంది నిరోష. అడ్డుకున్నట్టు కాక, బతిమాలినట్టుంది ఆ గొంతు. ఆ తేడా దేవయ్యకు ఆ క్షణాన వినబడలేదు.

"ఎందుకు వద్దు? కాగితం తప్పా?"

నలుగురూ ఆమె చేతి వంకే చూస్తున్నారు. ఆమె లేచి కుప్ప ఎక్కి, మోచేతి దాకా చెయ్యి దూర్చి నడుమ నుంచి తీసింది. అడుగున తవ్వి తీసింది. నాలుగు పక్కలా తీసి కొంగులో కలిపి గిన్నెలో పోసింది. దేవయ్య కళ్ళజోడు సర్దుకొని అంకె కోసం ముందుకు వంగాడు.

పంతొమ్మిది పాయింటు ఒకటి.

ఎవరో "అబ్బో" అన్నారు. ఇంకెవరో "గిదా ఆరు దినాలసంది ఎండింది?" అని నవ్వారు. భీమవ్వ నవ్వలేదు, ఏడ్వలేదు. దేవయ్య వంక చూసి, "మంచికే అడిగినవ్ లే సారూ" అంది. ఆ మాట ఆయనకు తగిలినంత గట్టిగా ఏ తిట్టూ తగిలి ఉండదు.

జనం చెదిరాక నిరోష ఆయన దగ్గరికి వచ్చింది. మిషను మూత బిగిస్తూ, ఆయన్ను చూడకుండా మాట్లాడింది.

"అంచుల మంచు పడ్తదని నాకెర్క సార్. కానీ అంచు పలచగుంటది, జెరంత ఎండ తగలంగనే ఆరుతది. నడుమ మోకాలు లోతుంటది, ఎన్ని దినాలైనా ఆరది. అందుకే అంచుకే తీస్తున్న. ఒక్క పొద్దున పదిహేడు అని పడితే చాలు, రాసి పంపుదామని. ఆరు దినాలసంది అదే చూస్తున్న. ఇప్పుడు అందరూ చూసిండ్రు."

 చూడకుండా ఒక్క అంకె కూడా దేవయ్య ఎన్నడూ రాయలేదు. వానాకాలపు అర్ధరాత్రుళ్ళలో కూడా గొడుగేసుకొని వెళ్ళి, చూసి, అప్పుడే రాసేవాడు. ఇవాళ కుప్ప నడుమ పొడిగా ఉంటుందని ఆయన చూడలేదు, ఉండాలనుకున్నాడు. అంచు తడిని చేత్తో తాకాడు. నడుమ చెయ్యి పెట్టనే లేదు.

శారమ్మ అప్పుడే టీ గ్లాసులతో వచ్చింది. సంగతంతా విని, భర్త ముఖం చూసి, ఆయన చేతిలో టీ పెట్టి, నేరుగా కుప్ప దగ్గరికి నడిచింది.

"అక్కా, ఇంత మందంగ ఎందుకు పోసినవ్? పలచగ పరిస్తే ఒక్క ఎండకు ఆరిపోవు గద?"

"జాగ యాడిదమ్మా? అటు వాళ్ళది, ఇటు వీళ్ళది. నా వంతుకు వచ్చింది గీ జానెడే."

"ఇంకో జాగ చూడకపోయినవా?"

భీమవ్వ వంగి టార్పాలిన్ మడతపెట్టసాగింది. జవాబు చెప్పకుండా ఉండలేక నిరోష రోడ్డు అవతలికి చూసింది. ఆ చూపు వెంట శారమ్మ చూసింది, ఆమె వెంట దేవయ్య చూశాడు. ఆత్మారాం సిమెంటు వాకిలి, దాని నడిమధ్యన తమ కారు.

"నిన్న పొద్దున్నే ఆత్మారామన్న ట్రాక్టరు తీసి వాకిలి ఇచ్చిండమ్మా," అంది నిరోష మెల్లగా. "అవ్వ ఊడ్చి పెట్టుకున్నది. ఇగ వడ్లు ఎత్తాలె అనంగ మీ బండి వచ్చింది."

"నువ్వే నూకితివి గదక్కా!" అంది శారమ్మ.

"దారిల ఆగిపోయినోళ్ళకు జాగియ్యకపోతే ఎట్లమ్మా," అంది భీమవ్వ, అందులో వింతేమీ లేనట్టు.

దేవయ్య టీ తాగకుండానే గ్లాసు రాతి మీద పెట్టాడు. రోడ్డు దాటి వెళ్ళి, కారు తలుపు తెరిచి, స్టీరింగు పక్కకు తిప్పి పట్టుకొని, "ఆత్మారాం, నూకు" అన్నాడు.

కారును వేపచెట్టు కిందికి నెట్టడానికి ఐదు నిమిషాలు పట్టింది. వడ్లను తట్టలతో రోడ్డు దాటించడానికి తొమ్మిదిన్నర దాకా పట్టింది. నిరోష తన పనుల మధ్య వచ్చి పది తట్టలు మోసింది. ఆత్మారాం ఓ చెక్కపలకకు కర్ర బిగించి పారలాంటిది చేసిచ్చాడు. శారమ్మ అందరి మీదా పెత్తనం తీసుకుంది.

"రెండు వేళ్ళ మందం దాటొద్దు. ఏయ్ పెద్దమనిషీ, ఆ మూల గుట్టయింది. నువ్వు కొలిచేటోడివి గద, వేళ్ళు పెట్టి చూడు."

ఆయన వేళ్ళు పెట్టి చూశాడు. మూడున్నర ఉంది. సర్దాడు.

చెప్పులు విప్పి కాళ్ళతో వడ్లలో సాళ్ళు తీస్తూ నడవడం చూసినంత సులువు కాదు. పాదం ఎత్తకూడదు. ఈడ్వాలి. అడుగు వడ్లు పైకి రావాలి, పై వడ్లు అడుక్కి పోవాలి. ఒక వరస అయ్యాక దానికి అడ్డంగా ఇంకో వరస. మొదటి అరగంట పాదాలు కాలాయి. తర్వాత కాలడం మామూలయింది. వడ్ల గరుకు మడమల్ని కోసింది. భీమవ్వ ఆయన ముందు నడుస్తూ, తలతిప్పకుండానే తప్పులు పట్టింది. "సారూ, నువ్వు నడుస్తున్నవ్. నడవకు, జరుగు. పొలం దున్నినట్టు పోవాలె." ఆయన జరిగాడు. ప్రతి అరగంటకూ ఒక తిరగేత. నడుమ వేపచెట్టు కింద శారమ్మ ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు గ్లాసుతో పట్టుకొని నిలబడి, తాగేదాకా కదలనివ్వలేదు. పన్నెండింటికి ఆయన్ను రెక్క పట్టి లాగి నీడన కూర్చోబెట్టి, నాడి చూసింది.

"బీపీ కోసం నిన్న అడిగిన. వడ్లల్ల నడుస్తడని చెప్పలె. మళ్ళ అడగాలె ఇప్పుడు."

"అడుగు," అన్నాడాయన. "ఎండ కోసం గూడ అడుగు. నిన్న తగ్గించమన్నవు గద, ఇయ్యాల పెంచమను."

ఆమె ఆయన్ను వింతగా చూసింది. నలభై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం ఇదే మొదలు.

మధ్యాహ్నం మూడింటికి పడమటి చార మబ్బయింది. నాలుగింటికి మబ్బు గోడయింది. దూరంగా, మంజీర వైపున, ఒక ఉరుము దొర్లింది. భీమవ్వ పార వదిలేసి ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

"నువ్వు వానలు లెక్క రాసినోడివంట గద సారూ. చెప్పు. వానొస్తదా, రాదా? వస్తదంటే ఇప్పుడే కుప్ప చేసి కప్పుత. రాదంటే ఇంకో గంట ఎండుతయ్."

దేవయ్యకు ఈ ప్రశ్న కొత్త కాదు. రుద్రూర్‌లో రైతులు ఎందరో అడిగారు. అందరికీ ఆయన ఒకటే చెప్పాడు. పడ్డ వాన రాయడం నా పని, పడబోయే వాన చెప్పడం నా పని కాదు. ఆ జవాబులో తప్పు లేదు. కానీ పొద్దున కాగితం చదివినప్పుడు కూడా తన మాటలో తప్పు లేదు. ఆయన జేబులోంచి ఉష్ణమాపకం తీసి నీడలో పట్టుకున్నాడు. నలభై మూడు. శారమ్మను తువ్వాలు కొస చింపమని, దాన్ని తడిపి, ఉష్ణమాపకం అడుగున ఉన్న గాజు గుండుకు చుట్టి, విసనకర్రలా మెల్లగా విసిరాడు. గాలి ఎంత పొడిగా ఉంటే పాదరసం అంత దిగుతుంది. భీమవ్వా శారమ్మా ఆ విసరడాన్ని పూజ చూసినట్టు చూశారు. పాదరసం దిగింది, దిగింది, ఇరవై మూడు దగ్గర ఆగింది. ఆయన మరోసారి తడిపి విసిరాడు. అదే.

"గాలి బాగ పొడిగుంది," అన్నాడు. "ఆ మబ్బు కురిసినా చినుకు నేల దాకా రాదు, నడుమనే ఆరిపోతది. వాన రాదనుకుంట. గాలి మాత్రం వస్తది, గట్టిగ వస్తది. గంట ఎండనిద్దాం, ఆ తర్వాత కప్పుదాం. రాళ్ళు మాత్రం రెండింతలు పెట్టాలె."

 అనుకుంట అన్న మాట పట్టుకొని ఒక మనిషి ఏడాది తిండి నిలబడి ఉంది. పక్క కుప్పల వాళ్ళు అప్పటికే పరుగులు పెడుతూ కప్పుతున్నారు. భీమవ్వ ఆయన్నొకసారి, మబ్బునొకసారి చూసి, పార అందుకొని మళ్ళీ వడ్లలోకి దిగింది.

ఐదుంబావుకు కుప్ప చేసి కప్పారు. ఆత్మారాం పాత టైర్లన్నీ తెచ్చి టార్పాలిన్ మీద వరసగా పేర్చాడు. ఐదున్నరకు గాలి వచ్చింది. ఎర్రదుమ్మూ చెరుకాకూ కలిసి లేచి, ఎదుటి మనిషి కనబడకుండా పోయాడు. కేంద్రంలో రెండు టార్పాలిన్లు పక్షుల్లా ఎగిరి తీగల మీద పడ్డాయి. నలుగురూ టైర్ల మీద బోర్లా పడుకున్నారు. ఒక చినుకు వచ్చి దేవయ్య మెడ మీద పడింది. ఆయన రెండోదాని కోసం లెక్కపెట్టాడు. చాలాసేపటికి ఇంకొకటి పడింది. ఆపైన ఏమీ పడలేదు. గాలి వచ్చినంత వేగంగానే తూర్పుకు వెళ్ళిపోయింది.

భీమవ్వ లేచి నోట్లో దుమ్ము ఉమ్మి, "రెండు చినుకులు సారూ," అంది. "నువ్వు రాదంటివి. రెండు వచ్చినయ్."

"రాసుకుంట," అన్నాడు దేవయ్య. అందరూ నవ్వారు. ఆయన నవ్వు అందరికంటే ఆలస్యంగా మొదలై అందరికంటే ఆలస్యంగా ఆగింది.

శనివారం పొద్దున ఏడింటికి నిరోష మిషనుతో వాకిట్లోకి వచ్చింది. లారీ అప్పటికే కేంద్రం ముందు నిలబడి ఉంది. మిగతా వాళ్ళంతా దాని దగ్గరున్నారు. వాకిట్లో ఉన్నది ఐదుగురే. ఆత్మారాం బండికి కొత్త పైపు బిగించి చేతులు తుడుచుకుంటున్నాడు. టార్పాలిన్ తీశారు. దాని లోపల ఇవాళ కూడా నీటి బొట్లు ఉన్నాయి. నిన్నటికంటే తక్కువ.

భీమవ్వ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిరోష కుప్ప పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, దేవయ్య వైపు తలెత్తి చూసింది.  ఆ చూపులో పొగరూ లేదు, భయమూ లేదు. చెయ్యి ఎక్కడ పెట్టమంటారు అన్న ప్రశ్న మాత్రం ఉంది.

దేవయ్య నోరు తెరిచాడు. అప్పుడే పక్కనుంచి "తండ్రీ" అన్న మాట చాలా సన్నగా వినబడింది. శారమ్మ అరచెయ్యి కుప్ప మీద ఆనించింది.

దేవయ్య చేతులు కట్టుకొని, కళ్ళు మూసుకున్నాడు.

వడ్లు గలగలమన్న చప్పుడు వినబడింది. అది నడుమ నుంచి వచ్చిందో, అడుగు నుంచి వచ్చిందో, అంచు నుంచి వచ్చిందో చెప్పగలిగేంత చెవి ఆయనకు ఉంది. ఆయన ఆ చప్పుడును పోనిచ్చాడు. గిన్నెలో వడ్లు పడ్డాయి. మీట నొక్కిన చప్పుడయింది. శారమ్మ ఇవాళ క్లుప్తంగా ముగించింది. ఒకే ఒక్క పేరు చెప్పింది, అది భీమవ్వది. "ఆమెన్" అన్నాకనే ఆయన కళ్ళు తెరిచాడు.

పదహారు పాయింటు ఎనిమిది.

నిరోష అంకెను కాగితం మీద వేసి, మిషను గిన్నెలోని వడ్లను కుప్పలోకి ఒంపేసింది. అవి మిగతా వడ్లలో కలిసిపోయాయి. భీమవ్వ చతికిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయింది. ఆమె భుజం మీద శారమ్మ చెయ్యి పడింది.

నిరోష సంచి సర్దుకొని వెళ్తూ ఆయన ముందు ఒక్క క్షణం ఆగింది. ఎక్కడ తీసినవని అడుగుతాడేమోనని ఆగినట్టుంది.

"నిన్న పది తట్టలు మోసినవ్," అన్నాడు దేవయ్య. "భుజం నొస్తున్నదా?"

"కొంచెం సార్," అంది ఆమె, మొదటిసారి నవ్వుతూ.

గన్నీ సంచులు నిండి, కాంటా మీదికెక్కి, లారీలో చేరేసరికి తొమ్మిదయింది. భీమవ్వ వాళ్ళ సీట్లో ఒక పెద్ద బెల్లపు ముద్ద పాత పేపర్లో చుట్టి పెట్టింది. వద్దంటే, "మీ బొంద దగ్గర కూసొని తినుండ్రి" అంది. శారమ్మ ఆ పేరు ఎప్పుడు నేర్పిందో దేవయ్యకు తెలియలేదు.

ఆత్మారాం బానెట్ ఎత్తి చూపించాడు. కొత్త పైపు, నిండా నీళ్ళు. రేడియేటర్ మూత తీసి, తుడిచి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా దేవయ్య చేతిలో పెట్టి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. శారమ్మ వచ్చి ముందు దీపం పక్కన నిలబడింది. అరచెయ్యి ఎత్తి, ఆనించబోయి, ఆగింది.

"ముందు ఆ మూత బిగించు," అంది. "తర్వాత కండ్లు మూసుకుందువు గాని."

దేవయ్య అలాగే నిలబడిపోయాడు. "ఆత్మారాం చెప్పిండా?"

"అతనెందుకు చెప్తడు? ఇంటి ముందర నేను కండ్లు తెరిచే సరికి నీ చెయ్యి ఖాళీగుంది. బండి పొగ గక్కిన తర్వాత యాదికొచ్చింది."

"మరి నాతో అనకపోయినవ్?"

"అంటే," అంది శారమ్మ, దీపం మీది దుమ్మును కొంగుతో తుడుస్తూ, "ఇంకెప్పుడన్న కండ్లు మూసుకుంటవా?"

దేవయ్య మూత పెట్టి, కుడివైపుకు తిప్పి, బిగించి, బిగిసిందో లేదో ఇంకోసారి చూసి, చేతులు కట్టుకున్నాడు.